తుక్కు కింద తూచకండి

సభకు నమస్కారం.

కోట 1713 నాటిదని, గంటస్తంభం 1885లో కట్టారని మన విజయనగరంలో చాలామంది ఠక్కున చెబుతారు. పాత కచేరీలు, బంగళాల ముందున్న ఇనప రెయిలింగుల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడే అవి గుర్తొస్తాయి, అదీ కిలో ఎంతకు పోతాయోనని. ఈ పూట వాటి తరఫున మాట్లాడాలని వచ్చాను.

దగ్గరికెళ్లి చూడండి. పువ్వులన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండి, అంచు వెంట సన్నటి గీత కనిపిస్తే అది పోత ఇనుము. కరిగించి ఇసుక అచ్చులో పోసింది. 19వ శతాబ్దంలో గ్లాస్గోలోని వాల్టర్ మాక్‌ఫర్లేన్ కంపెనీ ఇలాంటివి కేటలాగులు వేసి అమ్మేది, ఓడల్లో మన దేశానికీ పంపేది. అలా కాక, ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ రవ్వంత తేడా ఉండి, కలిసేచోట పట్టీయో రివెట్టో ఉంటే అది చేత ఇనుము. కమ్మరి కొలిమిలో కాల్చి, దాగలి మీద పెట్టి వంచిన పని. నాకు ప్రాణం అదే.

పోత ఇనుములో కర్బనం 2 శాతం పైనే. అందుకే గట్టి దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. మామూలు గేటుకు చేసినట్టు వెల్డింగ్ పెడితే పక్కనే మళ్లీ పగులుతుంది. ముందు బాగా వేడిచేసి, నికెల్ రాడ్డుతో అతికి, నిదానంగా చల్లారనివ్వాలి. లేదంటే వెనక ప్లేటు వేసి బోల్టులు బిగించడం మేలు.

అసలు జబ్బు చువ్వల మొదట్లో ఉంటుంది. రాతి దిమ్మెలో గుంత తొలిచి, చువ్వ దింపి, చుట్టూ సీసం కరిగించి పోసేవారు. ఆ సీసం వదులైతే వాననీరు దిగుతుంది. పైగా మనకి సముద్రం ఎంతో దూరం లేదు, ఉప్పుగాలి తోడవుతుంది. తుప్పు పట్టిన ఇనుము కొన్ని రెట్లు ఉబ్బి రాయినే చీల్చేస్తుంది. ఆ పగులు మీద సిమెంటు పూస్తే నీరు లోపలే ఉండిపోతుంది. దయచేసి ఆ పని చెయ్యకండి.

జెండా పండక్కి ముందు తుప్పు మీదే సిల్వర్ పెయింట్ కొట్టడం కూడా ఆపాలి. తుప్పు గీకిన రోజే ప్రైమర్ పడాలి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, కాబట్టి పొడిగా గీకించకుండా తడిపి, కూలీలకు మాస్కులిచ్చి చేయించండి.

మున్సిపాలిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. గోడ కొట్టక తప్పకపోతే, ముందు ఫొటోలు తీయించండి, ముక్కముక్కకీ నంబరు వేయించండి, విప్పి కొత్త గోడ మీద అదే వరసలో నిలబెట్టాలని టెండరులోనే రాయించండి.