సెప్సిస్ చికిత్సలో తొలి గంట: చట్టం అవసరమా?

మోడరేటర్: నమస్కారం. ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించి, తన అవయవాలనే దెబ్బతీసుకునే స్థితిని సెప్సిస్ అంటారు. తీవ్రమైన సెప్సిస్ రోగికి గంటలోపు యాంటీబయాటిక్ అందాలన్న 2018 నాటి అంతర్జాతీయ సూచనను మన ఆసుపత్రులన్నింటికీ చట్టం చేయాలా అన్నదే నేటి చర్చ. న్యూయార్క్ రాష్ట్రం 2013లోనే నిబంధనలు తెచ్చింది. మనకెందుకు లేవు, డాక్టరు గారూ?

ఐసీయూ వైద్యురాలు: ముందు ఆ గంట ఎక్కడ పోతోందో చెప్పనివ్వండి. అర్ధరాత్రి బీపీ పడిపోయిన రోగికి మేము ఇంజెక్షన్ రాస్తే, సిస్టర్ ఇచ్చిన చీటీ పట్టుకుని రోగి కొడుకు కింద మందుల షాపులో వరుసలో నిలబడి, డబ్బు కట్టి, పైకి తెచ్చేసరికి అరగంట దాటుతుంది. సెప్సిస్ ముదిరి ఇలా బీపీ పడిపోయే స్థితిలో, అంటే షాక్‌లో, సరైన మందు ఆలస్యమైన ప్రతి గంటకూ బతికేవారు సగటున 7.6 శాతం చొప్పున తగ్గారని 2006లోనే ఒక అధ్యయనం చూపింది. మొదటి డోసు ఐసీయూ అలమారాలోనే ఉండాలి, బిల్లు తర్వాత చూసుకోవాలి.

మైక్రోబయాలజిస్టు: అందరికీ గంట అనలేం, మేడమ్. షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉన్నవారిని మూడు గంటల వరకు పరిశీలించవచ్చని 2021 సూచనలే చెబుతున్నాయి. గడియారానికి భయపడి జ్వరమొచ్చిన ప్రతివారికీ మెరోపెనెమ్ లాంటి బలమైన యాంటీబయాటిక్ ఎక్కిస్తే, దానికి లొంగని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా...

వైద్యురాలు: నేను షాక్ గురించే మాట్లాడుతున్నానండి!

మైక్రోబయాలజిస్టు: కనీసం ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీశాక...

వైద్యురాలు: తీస్తాం. రెండు జతల సీసాలు నింపడానికి ఎంతసేపు పడుతుంది? ఆలస్యమంతా షాపు దగ్గరే.

మోడరేటర్: అంటే చట్టముంటే ఇదంతా సర్దుకుంటుంది కదా?

మైక్రోబయాలజిస్టు: ఆ 2018 సూచనలోనే ఉన్న, రోగి బరువులో కిలోకు 30 మిల్లీలీటర్ల సెలైన్ అన్నది కూడా ఆ చట్టంలో రాస్తారా? జాంబియాలో బీపీ పడిపోయిన సెప్సిస్ రోగులకు సెలైన్, బీపీ పెంచే మందులు ఒక నిర్ణీత పద్ధతిలో ముందుగా ఇస్తే 48.1 శాతం మంది, మామూలు చికిత్సలో 33 శాతం మంది మరణించారని 2017లో వెల్లడైంది.

వైద్యురాలు: అక్కడి రోగుల్లో అత్యధికులకు హెచ్ఐవీ ఉంది, ఐసీయూ పడకలు అరుదు. దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టకండి. మేము సెలైన్ ఎక్కిస్తూనే వేలి కొన నొక్కి, తెల్లబడిన చోటికి ఎరుపు ఎన్ని సెకన్లలో తిరిగొస్తోందో చూస్తాం, రక్తం సరిగా అందుతోందో లేదో దాన్నిబట్టి తెలుస్తుంది.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడటంతో కొన్ని వాక్యాలు నమోదు కాలేదు. జిల్లా ఆసుపత్రుల్లో కల్చర్ ల్యాబుల గురించి మైక్రోబయాలజిస్టు ఎత్తుకున్న మాట అక్కడే ఆగిపోయింది. అది పూర్తిగా వినవలసిన మాట.)

వైద్యురాలు: మళ్లీ చెబుతున్నాను, మొదటి డోసు అలమారాలో ఉండాలి.

మోడరేటర్: కాబట్టి న్యూయార్క్ తరహా చట్టమే మార్గమని ఇద్దరూ...

మైక్రోబయాలజిస్టు: నేనలా అనలేదండి. ఆ వార్డులో ఏ క్రిమి తిరుగుతోందో తెలియకుండా అలమారాలో ఏ మందు పెడతారు, మేడమ్?

మోడరేటర్: సమయం ముగిసింది. ఇద్దరికీ ధన్యవాదాలు.