టిష్యూ అందించే ఆ చెయ్యి కోసమే చూడండి | మంక్ సిరీస్ రివ్యూ

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ మంక్, అమెరికా టీవీలో వచ్చిన డిటెక్టివ్ కామెడీ సిరీస్. ఎప్పట్నుంచో అడుగుతున్నారు, ఇప్పటికి కుదిరింది.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఇదిగో, ఈ డీవీడీల పెట్టె నేను కొన్నది కాదు. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన మన వ్యూయర్ ఒకాయన బెంజ్ సర్కిల్ దగ్గర కలిసి, "దీని మీద వీడియో చెయ్యండి బ్రదర్" అని చేతిలో పెట్టి వెళ్ళారు. డబ్బులివ్వలేదు, ఇలా చెప్పు అలా చెప్పు అని కూడా అనలేదు. కాకపోతే ఒకటి. అమెరికా డీవీడీలు రీజియన్ 1, మన దేశానివి రీజియన్ 5. మామూలు ప్లేయర్లో పెడితే ఆడవు. గవర్నర్‌పేటలో ఎప్పుడో కొన్న నా పాత ప్లేయర్ అన్ని రీజియన్లూ ఆడిస్తుంది కాబట్టి సరిపోయింది. మీరెవరైనా తెప్పించుకుంటే అది చూసుకుని తెప్పించుకోండి.

కథేంటి, ఎన్ని సీజన్లు, ఇవన్నీ ఈపాటికి మీకు తెలిసే ఉంటాయి. గబగబా చెప్పేస్తా. 2002 నుంచి 2009 దాకా 8 సీజన్లు, 125 ఎపిసోడ్లు. ఊరు శాన్‌ఫ్రాన్సిస్కో. ఏడ్రియన్ మంక్ అని ఒక పోలీస్ డిటెక్టివ్. 1997లో ఆయన భార్య ట్రూడీ కారు బాంబు పేలి చనిపోతుంది. అంతకుముందే ఉన్న చాదస్తం ఆ దెబ్బకి ముదిరిపోయి ఉద్యోగం కూడా పోతుంది. క్రిములంటే భయం, ఎత్తంటే భయం, చివరికి పాలన్నా భయమే. కానీ హత్య జరిగిన గదిలోకి అడుగుపెట్టి, రెండు చేతులూ అలా ముందుకి పెట్టుకుని నాలుగు వైపులా తిరిగాడంటే, మిగతావాళ్ళకి కనపడనిది ఆయనకి కనపడుతుంది. అంతే. ఇంక అసలు విషయానికి వస్తా.

టిష్యూ. అవునండీ, తడి టిష్యూ. ఈ వీడియో చేస్తున్నదే దాని గురించి చెప్పాలని.

మంక్ ఎవరితోనైనా చెయ్యి కలపాల్సి వస్తుంది. కలుపుతాడు, మర్యాద తెలిసినవాడు. కలిపిన మరుక్షణం ఆ చెయ్యి పక్కకి చాపుతాడు. తల తిప్పడు, నోరు తెరిచి అడగడు. పక్కన షరోనా ఉంటుంది. ఆవిడ నర్సు, ఈయన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆవిడ ఎవరితోనో మాట్లాడుతూనే బ్యాగులోంచి ఒక టిష్యూ లాగి ఆ అరచేతిలో పెడుతుంది. ఈయన వేలు వేలూ తుడుచుకుంటాడు. ఆవిడ మాట ఆగదు. "చూడండి, ఇది ముఖ్యం" అని డైరెక్టర్ మనకి గుర్తు చెయ్యడు కూడా. దులిపేసుకుని సీన్ ముందుకి పోతుంది.

ఆ రెండు సెకన్లలో ఎంత ఉందో ఆలోచించండి. షరోనాకి జీతం సరిగ్గా అందదు. కొడుకు బెంజీని ఒంటరిగా పెంచుకుంటోంది. ఈయనతో రోజూ ప్రాణం విసిగిపోతోంది, అరుస్తుంది, మానేస్తానని బెదిరిస్తుంది. అయినా ఆ చెయ్యి చాపిన ప్రతిసారీ టిష్యూ వచ్చి పడుతుంది. వాళ్ళిద్దరి మధ్యా ఏముందో చెప్పడానికి ఇంక డైలాగెందుకు?

మా సత్యనారాయణపురం ఇంట్లో నేను చూస్తుంటే మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఆ ఇంగ్లిష్ ఆవిడకి అందదు. మొదటి ఎపిసోడ్ మొదట్లోనే మంక్ హత్య జరిగిన ఇంట్లో నిలబడి, తన ఇంట్లో స్టవ్ ఆపాడో లేదో అని కొట్టుకుపోతుంటాడు. అమ్మ చూసి, "ఏంట్రా, ఈయనకి మా మేనత్త కంటే మడి ఎక్కువలా ఉందే" అంది. కాసేపటికి ఆవిడ కళ్ళు మంక్ మీద లేవు, షరోనా మీదే ఉన్నాయి. "ఆ పిల్లకి ఎంత ఓర్పురా" అంటూ లేవలేదు. సబ్‌టైటిల్ ఒక్క ముక్క చదవకుండా సిరీస్ మొత్తం అర్థం చేసుకుంది మా అమ్మ.

డిటెక్టివ్ పక్కన అసిస్టెంట్ ఉండటం మనకి కొత్తేం కాదు. ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు వెతుక్కుని చదివిన బ్యాచ్ నాది. యుగంధర్, అసిస్టెంట్ రాజు. 1985లో దూరదర్శన్‌లో కరంచంద్ వచ్చింది, మా నాన్న ఇప్పటికీ చెప్తారు. పంకజ్ కపూర్ క్యారెట్ నములుతూ కేసు తేలుస్తాడు, సుస్మితా ముఖర్జీ చేసిన కిట్టీ ఏదన్నా అంటే నోరు మూసుకోమంటాడు. జనం పడీ పడీ నవ్వారు. ఇక్కడ అది తిరగబడింది. నోరు మూసుకోమనేది అసిస్టెంట్, మూసుకునేది డిటెక్టివ్. ఆవిడ లేకపోతే ఆయన గడప దాటలేడు. అది నాకు పిచ్చిపిచ్చిగా నచ్చింది.

అందుకే మూడో సీజన్ మధ్యలో నాకు ఒళ్ళు మండింది. షరోనాగా చేసిన బిట్టీ ష్రామ్ సిరీస్ వదిలేశారు. వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి, దాన్ని నేను కాదనను. కానీ కథలో ఏం చేశారు? మాజీ మొగుణ్ణి మళ్ళీ పెళ్ళి చేసుకుని న్యూజెర్సీ వెళ్ళిపోయిందని చెప్పించారు. ఇన్నాళ్ళు ఆ చేతిని నమ్ముకున్న మనకి సరైన వీడ్కోలు సీన్ ఒక్కటి ఇవ్వలేదు! ఇది మాత్రం క్షమించలేను. చివరి సీజన్లో ఒక ఎపిసోడ్‌కి తిరిగొస్తుంది, ఆ మంట కొంచెం చల్లారుతుంది. కొంచెమే.

తర్వాత మంక్‌కి కొత్త అసిస్టెంట్‌గా నాటలీ వస్తుంది. చేసింది ట్రేలర్ హోవార్డ్. ఈవిడ మీద నాకు కోపం లేదు, అసలు చాలా బాగా చేసింది. నాటలీ భర్త పైలట్, యుద్ధంలో పోయాడు. అంటే భార్య పోయిన మనిషి పక్కన భర్త పోయిన మనిషి. అందుకే వీళ్ళ టిష్యూ వేరు. షరోనా విసుక్కుంటూ పెట్టేది, నాటలీ అర్థం చేసుకుని పెడుతుంది. మెత్తగా ఉంటుంది. మెత్తదనం ఎక్కువయ్యేసరికి గొడవ తగ్గింది, గొడవ తగ్గేసరికి నాకు నవ్వు తగ్గింది. నా ఓటు షరోనాకే.

మంక్‌గా చేసిన టోనీ షలూబ్ గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఎనిమిది సీజన్లకీ ఎమ్మీ (అమెరికాలో టీవీకి ఇచ్చే పెద్ద అవార్డు) నామినేషన్, మూడుసార్లు గెలిచాడు. వెకిలి చెయ్యడు, అది గొప్ప. ఆ జబ్బుని మనం నవ్వుకునేలా చూపిస్తూనే, ఆ మనిషిని మాత్రం నవ్వులపాలు చెయ్యడు. పోలీస్ కెప్టెన్ స్టాటిల్‌మేయర్‌గా టెడ్ లెవీన్. 1991లో ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్‌లో ఒళ్ళు జలదరించే హంతకుడు ఈయనే, నమ్మబుద్ధి కాదు. ఆ కెప్టెన్ కింద పనిచేసే రాండీ డిషర్‌గా జేసన్ గ్రే స్టాన్‌ఫర్డ్ సరదాగా ఉంటాడు, అంతే.

డాక్టర్ క్రోగర్ దగ్గర మాత్రం ఆగాలి. మంక్ సైకియాట్రిస్ట్. ఆ పాత్ర చేసిన స్టాన్లీ కమెల్ 2008లో చనిపోయారు. వేరే నటుణ్ణి పెట్టి అదే పాత్ర నడిపించెయ్యొచ్చు, మన సీరియల్స్‌లో తెల్లారేసరికి మొహం మారిపోవడం చూస్తూనే ఉన్నాం కదా. వీళ్ళు అలా చెయ్యలేదు. కథలో కూడా డాక్టర్ పోయాడని చెప్పి, ఆ లోటుతో మంక్ ఎలా అవస్థ పడతాడో ఏడో సీజన్ మొదట్లోనే చూపించారు. కొత్త డాక్టర్‌గా హెక్టర్ ఎలిజోండో వచ్చినా పాతాయన ఉనికి పోదు. షరోనాకి దక్కని గౌరవం క్రోగర్‌కి దక్కింది.

టైటిల్ మ్యూజిక్ గొడవ ఒకటుంది. మొదటి సీజన్లో జెఫ్ బీల్ గిటార్ ట్యూన్, పాట లేదు. రెండో సీజన్ నుంచి ర్యాండీ న్యూమన్ పాట పెట్టారు. 2003లో దానికి ఎమ్మీ, 2004లో దీనికి ఎమ్మీ! నాకు గిటారే కావాలి. మార్చినందుకు అభిమానులు గోల పెడితే, ఆ గోలనే రెండో సీజన్లో ఒక ఎపిసోడ్‌లో పెట్టి తమ మీద తామే జోకేసుకున్నారు. ఆ ధైర్యానికి పాటని కూడా ఒప్పేసుకున్నా.

మిస్టరీ సంగతి నిజం చెప్తా. చాలా ఎపిసోడ్లలో హంతకుడెవరో సగానికే తెలిసిపోతుంది. చివర్లో మంక్ "అసలు జరిగిందేంటంటే" అని మొదలుపెట్టి, బ్లాక్ అండ్ వైట్‌లో అంతా విప్పుతాడు. కొన్ని మరీ బలవంతంగా ఉంటాయి. బుర్ర బద్దలుకొట్టుకునే కేసులు కావాలంటే ఇది మీకు కాదు. నాకు మాత్రం సిరీస్ భలే నచ్చింది, పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కూ ఎక్కడ కోశానో మీకు తెలుసు.

మొదటి ఎపిసోడ్ నుంచే వరసగా చూడండి, మధ్యలో దూరొద్దు. 2023లో వచ్చిన సినిమా ఉంది, అది 125 ఎపిసోడ్లూ అయ్యాకే పెట్టండి, ట్రూడీ కేసు సంగతి ముందే తెలిస్తే సగం పోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. షరోనానా, నాటలీనా, మీ ఓటెవరికో చెప్పండి. మా అమ్మ ఓటు షరోనాకి పడిపోయింది, ఇప్పటికి మేము రెండు. ఉంటానండీ.