తుమ్మితే చుక్క పడుతుందా? ముందు దాని సంగతి చూద్దాం

[తెరపై: ఒళ్లో పసిబిడ్డతో తల్లి. తుమ్ము వస్తుంది. గబుక్కున కాళ్లు దగ్గరికి ముడుచుకుంటుంది.]

ఇలా ముడుచుకోవడం చాలామంది బాలింతలకు అలవాటే. తుమ్మినా, దగ్గినా, గట్టిగా నవ్వినా రెండు చుక్కల మూత్రం పడిపోతుంది. ఈ మాట అమ్మకు చెప్పరు, భర్తకు అసలే చెప్పరు. పొట్ట ఎప్పుడు తగ్గుతుందని మాత్రం అందరినీ అడుగుతారు. కాన్పు తర్వాత వ్యాయామం అంటే నేనైతే ఈ చుక్క దగ్గరే మొదలుపెడతాను.

మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి ఉయ్యాల గుడ్డలా మోసే కండరాలున్నాయి. పెల్విక్ ఫ్లోర్ అంటారు. తొమ్మిది నెలల బరువూ వాటి మీదే పడింది. ఆపరేషన్ అయినవాళ్లు "మాకేం కాదులే" అనుకోకండి, మీరూ మోశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే మరి.

[తెరపై: కుర్చీలో కూర్చుని బిడ్డకు పాలిస్తున్న తల్లి.]

ఈ కండరాలకు చేసే వ్యాయామం పేరు కెగెల్. 1948లో దీని గురించి రాసిన అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ పేరే దీనికి వచ్చింది. గ్యాస్‌నీ మూత్రాన్నీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి బిగించండి. ఐదు లెక్కపెట్టి వదలండి. వదలడం కూడా పూర్తిగా వదలాలి, చాలామంది అక్కడే తప్పు చేస్తారు. ఊపిరి బిగబట్టొద్దు, పిరుదులు బిగించొద్దు. పదిసార్లు, రోజుకు మూడు విడతలు. మూత్రానికి వెళ్లినప్పుడు మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయకండి. యూరిన్ పైపు తీసేశాక, నొప్పి లేకపోతే, కాన్పైన కొద్ది రోజులకే మొదలుపెట్టొచ్చు. పాలిచ్చేటప్పుడు చేస్తే మర్చిపోరు, పక్కనున్నవాళ్లకు తెలియదు కూడా.

ఇక నడక. "పచ్చి బాలింతవి, కదలకు" అంటారు పెద్దవాళ్లు. ప్రేమతోనే అంటారు. కానీ కాన్పైన తొలి ఆరు వారాల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అందుకే సిజేరియన్ అయినా ఆసుపత్రిలో త్వరగా లేపి నడిపిస్తారు. ఇంటికొచ్చాక హాల్లో ఐదు నిమిషాలు నడవండి, బాగుంటే పెంచుకోండి. తగ్గిన బ్లీడింగ్ మళ్లీ ఎర్రగా, ఎక్కువగా అవుతోందంటే ఆ రోజు ఎక్కువ చేశారని అర్థం. మామూలు వ్యాయామంతో పాలు తగ్గవు, ఆ టెన్షన్ వద్దు. నడుముకు కట్టే గుడ్డ కాస్త ఊరటనిస్తుంది, కండరానికి బలం మాత్రం ఇవ్వదు.

[తెరపై: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కాస్త ఎత్తి, బొడ్డు దగ్గర వేళ్లు ఆనించిన తల్లి.]

కడుపుతో ఉన్నప్పుడు సాగి పక్కలకు జరిగిన పొట్ట కండరాల మధ్య సందును ఇలా చూసుకోవచ్చు. రెండు వేళ్లకు మించి సందున్నా, తల ఎత్తగానే మధ్యలో గుట్టలా లేచినా క్రంచెస్, ప్లాంక్ లాంటి పొట్ట మీద భారం వేసే వ్యాయామాల జోలికి వెళ్లకండి. ఫిజియోథెరపిస్టుకు చూపించండి. మంచం మీంచి లేచేటప్పుడు పక్కకు తిరిగి, చేత్తో నొక్కుకుంటూ లేవండి. బిడ్డను ఎత్తుకునేటప్పుడు ఊపిరి వదులుతూ ఎత్తండి. రోజుకు ఇరవైసార్లు ఎత్తుతారు, అదీ వ్యాయామమే.

ఆరు వారాల చెకప్‌లో డాక్టర్ "అంతా బాగుంది" అంటే గాయం మానిందని; రేపట్నుంచి పరుగెత్తమని కాదు. మూడు నెలలు నిండేదాకా పరుగు, గెంతులు వద్దని బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు 2019లో సలహా ఇచ్చారు. మూడు నెలలు దాటినా చుక్క పడుతుంటే, కింద ఏదో జారుతున్నట్టు బరువుగా ఉంటే ఇంకా ఆగాలి.

పిక్కలో ఒకవైపే వాపు, నొప్పి, ఛాతీ నొప్పి, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి, జ్వరం, గంటలోపే ప్యాడ్ తడిసిపోవడం... వీటిలో ఏదున్నా వ్యాయామం మాట పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

[తెరపై: 1 నుంచి 5 వరకు అంకెలు.]

ఎలాగూ కూర్చునే ఉన్నారు కదా. బిగించండి... మూడు, నాలుగు, ఐదు. వదలండి.