ముద్ద తన చేత్తో: ఆక్యుపేషనల్ థెరపీ గురించి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున, అదీ టిఫిన్ వేళ, ఇంతమంది వస్తారనుకోలేదు. కాలనీ సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మేడమ్, పక్షవాతం వచ్చినవాళ్లకి ఇంట్లో ఏం చేయాలో చెప్పండి" అన్నారు. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని కాబట్టి ఏం చేయకూడదో కూడా చెప్తాను. నిజానికి అదే కాస్త ఎక్కువ ఉంటుంది.

మా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబమూ మొదట అడిగేది, "మాకు ఫిజియో వస్తున్నారు కదా, మళ్లీ మీరెందుకు?" అని. ఫిజియోథెరపిస్టు కండరాల బలం, కీళ్ల కదలిక, నిలబడటం, నడక చూస్తారు. ఆ కదలికతో మనిషి తన రోజు తాను గడుపుకోగలుగుతున్నాడా అన్నది మేం చూస్తాం. పళ్లు తోముకోవడం, టాయిలెట్, స్నానం, బట్టలు, అన్నం. అవి కుదిరాక వంట, బ్యాంకు పని, బడి, ఉద్యోగం. ఇద్దరి మధ్యా గోడ కట్టినట్టేమీ ఉండదు, భుజం పట్టేస్తే ఇద్దరం ఆ భుజమే పట్టుకుంటాం. కాకపోతే చెయ్యి ఎన్ని డిగ్రీలు లేస్తోందని రిపోర్టులో రాసి ఉంటే, ఆ చేత్తో ఆవిడ జడ వేసుకోగలదా అని మేం అడుగుతాం.

ఇది కొత్తగా పుట్టిన వైద్యం కాదు. 1917లో అమెరికాలో కొద్దిమంది కలిసి దీనికోసం ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్లలో జార్జ్ బార్టన్ అనే ఆర్కిటెక్ట్ తానే రోగిగా ఉండి, తోటపని, వడ్రంగం చేసుకుంటూ కోలుకున్నవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల వల్ల ఈ పనికి గిరాకీ పెరిగింది. మన దేశానికి తెచ్చింది కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి, మరాఠీ ఇంటి కోడలై వచ్చిన ఆమె 1950లో ముంబయి కె.ఈ.ఎం. ఆసుపత్రిలో శిక్షణ మొదలుపెట్టారు. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. అదే ఏడాది ఏర్పడిన ప్రపంచ సమాఖ్యలో మనమూ వ్యవస్థాపక సభ్యులమే.

చరిత్ర చాలు, అన్నం దగ్గరికి వద్దాం.

కుడి పక్క పక్షవాతం వచ్చిన పెద్దాయన. అలాంటివాళ్లకి చాలాసార్లు మాట కూడా పడిపోతుంది, ఎందుకంటే మాటను నడిపే భాగం ఎక్కువమందిలో మెదడు ఎడమ వైపే ఉంటుంది, శరీరం కుడి పక్కను నడిపేదీ ఆ వైపే. ఆకలేస్తోందని చెప్పలేడు, చెయ్యి లేవదు. భార్య పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెడుతుంది. నేను వెళ్లి ఆయన్నే తిననివ్వమంటే, "బట్టల మీద పోసుకుంటడు మేడమ్, నేనే తినిపిస్త" అంటుంది. ఆ ప్రేమని నేనెలా తప్పుపడతాను? కానీ మూడు నెలలు అలాగే గడిస్తే, కొద్దిగా కదలిక ఉన్న చేతిని కూడా వాడటం ఆయన మానేస్తాడు. వాడినప్పుడల్లా విఫలమై, వాడకపోయినా పని జరిగిపోతుంటే, ఆ చెయ్యి వద్దని మెదడే నేర్చుకుంటుంది. ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త దీన్ని ముందు కోతుల్లో గమనించి, తర్వాత మనుషులకు ఒక చికిత్సగా మలిచాడు. బాగున్న చేతికి మందపాటి గ్లవ్ తొడిగి, రోజూ కొన్ని గంటలపాటు, రెండు మూడు వారాలు, దెబ్బతిన్న చేతితోనే పనులు చేయిస్తారు. అందరికీ పనికిరాదు. మణికట్టూ వేళ్లూ కొద్దిగానైనా వెనక్కి తెరుచుకునేవాళ్లకే. యూట్యూబ్‌లో చూసి ఇంట్లో నాన్నగారి చెయ్యి కట్టేయకండి.

చెయ్యి అసలు కదలకపోతే? అప్పుడు ఎడమ చేత్తో తినడం నేర్పాలి, అసలు చిక్కు ఇక్కడే. మన ఇళ్లలో ఎడమ చెయ్యి కంచంలోకి రాకూడదు. నలుగురు భోంచేస్తుంటే ఆయన కంచం జరిపేసి గోడవైపు తిరుగుతాడు. ఆకలి లేదంటాడు. ఆకలి ఉంటుంది, సిగ్గు అడ్డం వస్తుంది. అందుకని నేను ముందు చెంచా ఇస్తాను, దానికి ఆ పట్టింపు తక్కువ. పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. కంచానికి ఒక పక్క ఎత్తైన అంచు తగిలిస్తే అన్నం బయటికి జారదు, కింద తడిగుడ్డ వేస్తే కంచం కదలదు. ఇంకో మాట ఇంట్లోవాళ్లకి: కొన్నాళ్లు ఆయనతో పాటు మీరూ చెంచాతో తినండి.

మనిషి తన రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో కొలవడానికి మేం వాడే బార్తెల్ స్కేలులో పది అంశాలు, మొత్తం 100 మార్కులు. ఎవరో తినిపిస్తే అన్నానికి సున్నా. కొంత సాయంతో తింటే 5, సొంతంగా తింటే 10. ఆ స్కేలులో ఉదాహరణ రొట్టెకి వెన్న రాయడం. పప్పన్నం కలపడం ఎంత కష్టమో దాన్ని తయారుచేసినవాళ్లకి తెలియదు పాపం. వేళ్ల చివర్లతో కలిపి, ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి తోయడం, ఆలోచిస్తే చాలా నైపుణ్యం ఉన్న పని అది.

బట్టలకి ఒకటే సూత్రం: తొడిగేటప్పుడు దెబ్బతిన్న చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే ఆఖర్న. లుంగీకి ఎలాస్టిక్, జాకెట్టుకి హుక్కుల బదులు వెల్క్రో, చీరకి కుచ్చిళ్లు కుట్టేయడం, ఇవన్నీ వీధి చివర టైలర్ చేసేస్తాడు. బాత్రూంలో తడినేల మీద నిలబెట్టి చెంబుతో పోయకండి. కాళ్లు జారని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, బకెట్‌ని స్టూలు మీద పెడితే తనే పోసుకుంటాడు. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి మాత్రం ఎవర్నీ లేపకండి. కండరాలు వదులైపోయి ఉంటాయి, భుజం కీలు కిందికి జారుతుంది. ఆ నొప్పి నెలల తరబడి వదలదు.

ఇంతసేపు పక్షవాతం గురించే చెప్పాను, కానీ మా పని అక్కడితో అయిపోదు. సంక్రాంతి వచ్చిందంటే మన ఊళ్లో మాంజాతో వేళ్లు తెగినవాళ్లు వస్తారు. తెగిన టెండన్‌ని, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటి దాన్ని, సర్జన్ కుడతారు, అంతటితో అయిపోదు. అసలు కదపకపోతే చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుపోతుంది, ఎక్కువ కదిపితే కుట్టు తెగుతుంది. అందుకని వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ షీటుతో ఆ చేతి కొలతకే స్ప్లింట్, అంటే చేతిని కదలకుండా పట్టి ఉంచే ఆధారం, చేసి, దాంట్లోనే ఎంత కదపాలో, ఎప్పుడు కదపాలో నేర్పుతాం. సుమారు ఆరు వారాలు ఇదే వరస. మధ్యలో "బాగానే ఉంది కదా" అని స్ప్లింట్ తీసేసి బండి నడిపే కుర్రాళ్లని తిట్టకుండా ఉండటం నాకింకా అలవాటు కాలేదు.

మానసిక చికిత్సలో మా పాత్ర చాలా పాతది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే జోకులేసే అలవాటు మనకింకా పోలేదు. కానీ స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకి మందులు పనిచేశాక కూడా ఆ మనిషి పొద్దున్నే లేవాలి, స్నానం చేయాలి, బస్సెక్కాలి, డబ్బులు లెక్కపెట్టుకోవాలి, ఒక పని పట్టుకోవాలి. మాత్రలు ఆ దినచర్యని తిరిగి తెచ్చివ్వవు.

పిల్లల విషయంలో మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. ఎదుగుదల ఆలస్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు కష్టమవడం) ఉన్న పిల్లలకి ఆట ద్వారానే పని నేర్పుతాం. ఈ పదేళ్లలో నగరంలో సందుకో థెరపీ సెంటర్ వెలిసింది. రంగురంగుల ఉయ్యాలా, పెద్ద బంతీ ఉన్నంత మాత్రాన అది ఆక్యుపేషనల్ థెరపీ అయిపోదు. పిల్లాడు ఉయ్యాల ఎందుకు ఊగుతున్నాడో, దానివల్ల ఇంట్లో ఏ పని మారాలో థెరపిస్టు చెప్పగలగాలి. తల్లిదండ్రుల్ని గది బయటే కూర్చోబెట్టి, నెలకింత అని ప్యాకేజీ కట్టించుకునేచోట నాకు నమ్మకం తక్కువ. డిగ్రీ అడగండి. నాలుగేళ్ల చదువు, ఆపైన ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లు మేం. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మమ్మల్నీ గుర్తించింది, అడిగే హక్కు మీకుంది.

ఎక్కడికి వెళ్లాలి అంటే, పక్షవాతానికి న్యూరాలజీ, చేతి గాయానికి ప్లాస్టిక్ సర్జరీ, మీరు చూపించుకునే ఆ డాక్టరునే రెఫరల్ అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు. మేధో వైకల్యం ఉన్న పిల్లలకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. పాతవాళ్లు ఎన్.ఐ.ఎం.హెచ్. అంటారు, ఇప్పటి పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. చూపు బాగా తగ్గినవాళ్లకి రోజువారీ పనుల శిక్షణ బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఉంది. పిల్లల ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల లోపాలున్న పిల్లలకి జిల్లా స్థాయి చికిత్సా కేంద్రాలు కూడా ఉన్నాయి.

మొదటిసారి వెళ్లేటప్పుడు స్కాన్ ఫైలుతో పాటు ఫోన్‌లో మీ బాత్రూం, మంచం, మెట్ల ఫోటోలు తీసుకెళ్లండి, బాత్రూం తలుపు వెడల్పు కొలుచుకోండి. వీల్‌చైర్ కొనేశాక తలుపులో పట్టకపోతే షాపువాడు వెనక్కి తీసుకోడు. పేషెంటు పొద్దున లేచినప్పటి నుంచి ఏ పని తను చేస్తున్నాడో, ఏది మీరు చేసిపెడుతున్నారో ఒక కాగితం మీద రాసుకెళ్లండి. మా పని ఆ కాగితంతోనే మొదలవుతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరసలో మోకాలి నొప్పి గురించి చెయ్యెత్తిన పెద్దమ్మ గారు ముందు.