సాయంత్రానికి కల్లు ఎందుకు పులుస్తుంది?

అందరికీ నమస్కారం. మా తాత తాళ్లు గీసేవాడు. పొద్దున్నే దించిన కల్లుకి ఒక రుచి, అదే లొట్టిలో మధ్యాహ్నానికి ఇంకో రుచి, మాపటికి మూతి ముడుచుకునేంత పులుపు. ఎందుకలా అని అప్పుడు అడిగితే "కల్లన్నాక పులవదా" అనేవాడు. ఆ ఎందుకు అన్నదే ఇవాళ చెప్పాలని వచ్చాను.

గెల కోసిన చోట బొట్లుబొట్లుగా కారేది నీరా, అందులో మత్తు లేదు, ఉన్నది తీపి. కానీ గెల మీద, గాలిలో, అన్నిటికంటే ఎక్కువగా నిన్నటి లొట్టికి అంటుకున్న మడ్డిలో ఈస్ట్ అనే కంటికి కనిపించని సూక్ష్మజీవి ఉంటుంది కాబట్టి, మొదటి బొట్టు పడ్డప్పటి నుంచే అది చక్కెరను తిని ఆల్కహాల్‌నీ కార్బన్ డయాక్సైడ్‌నీ వదులుతుంది, పైన కనిపించే నురగ ఆ గ్యాసు వల్లే. నీరాగానే ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, లేదా ఐసులో పెడతారు.

మొదట వచ్చే పులుపు పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లానిది. గాలి తగిలేకొద్దీ ఎసిటోబాక్టర్ అనే బాక్టీరియా బలపడుతుంది. దీనికి ఆక్సిజన్ కావాలి. అది ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌గా మార్చేస్తుంది. గోవాలో కల్లు వెనిగర్‌ను కూరల్లో వాడతారు కూడా. మూత తీసిన వైన్ కొన్నాళ్లకు పులిసేదీ ఇలాగే. విస్కీలో ఆల్కహాల్ దాదాపు 40 శాతం, ఆ పైన ఉంటుంది, అందులో ఆ బాక్టీరియా బతకదు, అందుకే అది పులవదు, వాసన మాత్రం మెల్లగా ఎగిరిపోతుంది.

నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. కొన్నిచోట్ల కల్లులో సాకరిన్ అనే కృత్రిమ తీపి పదార్థం కలుపుతున్నారు. చక్కెర ఈస్ట్‌కు తిండి, సాకరిన్ కాదు. అందుకే రాత్రంతా బయట పెట్టిన కల్లు మర్నాడు కూడా పొద్దుటంత తియ్యగా ఉంటే ఆ తీపి చెట్టుది కాదు. అయితే పులిసింది కదా, మంచిదే అనుకోవద్దు, ఎందుకంటే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం లాంటి మత్తు మందులు కలిపిన కల్లు కూడా పులుస్తుంది. వాటికి అలవాటుపడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ, లేనివి కనిపించడం లాంటివి వస్తాయి. మీ ఇంట్లో ఎవరికైనా అలా జరిగితే దయ్యం పట్టిందని తిప్పకండి, సిగ్గుపడి దాచకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి కల్లు తాగేవాడని డాక్టరుకు చెప్పండి.