పక్కన కూర్చున్నవారి పేర్లు

సభాధ్యక్షులకు, పెద్దలకు, జాజ్ వినడానికి ఓపిక చేసుకుని వచ్చిన రసిక మిత్రులకు నమస్కారం. నాకు ముందు మాట్లాడినవారు మర్యాదలన్నీ నా వంతు కూడా చెల్లించేశారు కనుక నేరుగా విషయానికి వస్తాను.

1954 డిసెంబరు 16, 18 తేదీలలో న్యూయార్క్‌లో ఎమ్‌ఆర్సీ అనే రికార్డుల సంస్థ కోసం, ముప్పై ఏళ్ల అమెరికన్ జాజ్ గాయని సారా వాన్ తొమ్మిది పాటలు పాడారు. మరుసటి ఏడు ఆ రికార్డు ‘సారా వాన్’ అన్న ఒక్క పేరుతోనే వెలువడింది. తరువాతి ముద్రణల్లో అది ‘సారా వాన్ విత్ క్లిఫర్డ్ బ్రౌన్’ అయింది. ట్రంపెట్ వాయించిన బ్రౌన్‌కు అప్పటికి 24 ఏళ్లు. 1956 జూన్‌లో కారు ప్రమాదంలో, 25 ఏళ్ల వయసులోనే పోయారు. ఆయన పేరు పైకి రావడం న్యాయమే. నా పేచీ అంతా ఆ ‘విత్’ తరువాత రాని పేర్ల గురించి.

క్షమించాలి, ఇక్కడ ఒక సొంత సంగతి చెప్పక తప్పదు. మా నాన్నగారు కచేరీలలో ఫిడేలు వాయించేవారు. ఊరి పేరు చెప్పను గాని, ఒక సభవారు తమ కరపత్రంలో గాయకుని పేరు బొటనవేలంత అక్షరాలతో వేసి, కింద ‘పక్కవాద్య సహకారముతో’ అని మాత్రం అచ్చువేశారు. నాన్నగారు ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక మృదంగం వాయించినాయన పేరు, ఘటం వాయించిన కుర్రవాడి పేరు పెన్సిలుతో ఆ కాగితం మీద రాసి డైరీలో దాచుకున్నారు. తన పేరు మాత్రం రాసుకోలేదు. ఈ రికార్డు తీసినప్పుడల్లా నాకు ఆ కాగితమే గుర్తుకు వస్తుంది.

కనుక ఆ పేర్లు నన్ను చదవనివ్వండి. వేణువు హెర్బీ మాన్. టెనర్ శాక్సఫోన్ పాల్ క్వినిషెట్. పియానో జిమ్మీ జోన్స్. బాస్ జో బెంజమిన్. డ్రమ్స్ రాయ్ హేన్స్. వాద్యాల కూర్పు, నిర్వహణ ఎర్నీ విల్కిన్స్. శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్‌ను జాజ్ లోకం ముద్దుగా ‘ప్రెజ్’, అంటే ప్రెసిడెంట్, అని పిలిచేది. ఆయన బాణీకి అంత దగ్గరగా వాయించేవారని క్వినిషెట్‌కు ‘వైస్ ప్రెజ్’ అనే పేరు పెట్టారు. ఇక హేన్స్ 99 ఏళ్లు బతికి 2024 నవంబరులో కన్నుమూశారు.

వీరిని అలంకారంగా పక్కన కూర్చోబెట్టలేదు. ఈ రికార్డులోని ‘ఏప్రిల్ ఇన్ పారిస్’ పాట ఆరు నిమిషాలకు పైగా సాగుతుంది. సుమారు మూడు నిమిషాలతో ముగిసే పాత 78 రికార్డులో ఇంత తీరిక ఎక్కడిది? ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డు వచ్చింది కనుక గాయని ఒక ఆవర్తం పాడి తప్పుకుని వాద్యాలకు చోటు ఇవ్వగలిగారు, మన కచేరీలో నెరవు, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా పాడడం, నడుమ ఫిడేలుకు వంతు ఇచ్చినట్టుగా. ‘లల్లబీ ఆఫ్ బర్డ్‌లాండ్’లో ఆమె మాటలు వదిలేసి ఉత్త అక్షరాలతో పాడుతూ వాద్యాల నడుమ మరో వాద్యమైపోతారు.

ఆమెకు ఇది ఎలా తెలుసునంటే, ఆమె కూడా పక్కన కూర్చున్న మనిషే. నెవార్క్‌లోని చర్చిలో చిన్ననాడే ఆర్గన్ వాయించారు. 1942లో న్యూయార్క్‌లోని అపోలో థియేటర్ ఔత్సాహికుల పోటీ గెలిచాక, 1943లో పియానిస్టు ఎర్ల్ హైన్స్ బృందంలో గాయనిగానే కాక రెండవ పియానిస్టుగా కూడా చేరారు. పియానో మీద తీగ ఎటు మళ్లబోతున్నదో ఆ గొంతుకు ముందే తెలియడం అందుకే. గొప్ప గొంతులు చాలానే ఉండవచ్చు. పక్కవారిని వినే గొంతులు తక్కువ, ఇది నా అభిప్రాయం, ఎవరైనా కాదంటే వాదిస్తాను.

ఇప్పుడు ఇదే రికార్డులోని ‘ఎంబ్రేసబుల్ యూ’ వినిపిస్తాం. ఇందులో ట్రంపెట్ లేదు, శాక్సఫోన్ లేదు, వేణువు లేదు. పియానో, బాస్, డ్రమ్స్ మాత్రమే. దయచేసి మొదటిసారి గొంతును వినండి. రెండవసారి కూడా పెట్టమని నిర్వాహకులను ఒప్పించాను. అప్పుడు గొంతును కాసేపు వదిలి, అడుగున నడిచే జో బెంజమిన్ బాస్ వెంట వెళ్లండి. సూది దించవచ్చు.