మొదటి బస్తాకే తెలిసింది

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు మిర్చి వ్యాపారంలో 334, 341 అంటే కాయ రకాలు. కోల్డ్ స్టోరేజీలో అదే అంకె లాట్ నంబరు, అంటే ఒక రైతు సరుకుకిచ్చే గుర్తు కూడా కావచ్చు. నేను కొన్నేళ్లు అలాంటి ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేశాను. పేరెందుకు లెండి, మా ఊళ్లో వాటికి కొదవా?

ఒక శ్రావణమాసం సాయంత్రం కమిషన్ కొట్టు నుంచి ఫోనొచ్చింది. "341, ఎనభై టిక్కీలు లారీకెత్తండి" అని. టిక్కీ అంటే మిర్చి బస్తా. గుమస్తా చీటీ మీద 341 అని రాసి ముఠా మేస్త్రి చేతికిచ్చాడు. మేస్త్రి దాన్ని లాట్ నంబరనుకున్నాడు. చాంబర్లో వణుకుతూ పై అర నుంచి బస్తాలు దించారు. సగం లారీ నిండాక కొట్టు మనిషి వచ్చి, గోనె సందులోంచి ఒక కాయ లాగి చూశాడు. తేజ రకం! అదీ ఇంకో రైతుది. ఎత్తినవన్నీ దించి, మళ్లీ అరల్లో సర్ది, అసలు సరుకు వెతికి పంపేసరికి రాత్రి పదకొండు దాటింది.

తిట్లన్నీ అయ్యాక ముఠాలో చిన్నకుర్రాడొకడు నా దగ్గరికొచ్చాడు. "మొదటి బస్తా భుజానికెత్తుకోగానే తెలిసింది సార్, తేజ ఘాటు ముక్కుకు కొట్టింది" అన్నాడు.

"మరి చెప్పవేందిరా?"

"పోయినవారం ఏదో అడిగితే, నీకెందుకురా, మొయ్యి అన్నారుగా."

అన్నది గుమస్తా కాదు. నేనే.

టీమ్‌వర్క్ అనగానే ఇప్పుడు ఉద్యోగులను రిసార్టుకు తీసుకెళ్లి తాడు లాగిస్తున్నారు. సరదాకైతే సరే. ఆ తాడు సంగతి మాక్స్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు ఎప్పుడో కొలిచి, 1913లో ప్రచురించాడు. ఒక్కడే లాగినప్పటి బలం నూరనుకుంటే, ఎనిమిది మంది కలిసినప్పుడు తలకు 49 మాత్రమే వచ్చింది. అందరూ ఒకే క్షణంలో లాగకపోవడం ఒక కారణం, పక్కవాడు లాగుతాడులే అనుకోవడం ఇంకో కారణం. మా ముఠాలో ఆ రెండో జబ్బు లేదు. ఇద్దరు పట్టి మూడోవాడి వీపు మీదికెత్తే బస్తా అది, ఒక చెయ్యి సడలితే అక్కడే ఒరిగిపోతుంది. మా ఇబ్బంది నోటి దగ్గర.

1990ల్లో అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లు లెక్క చూశారు. కలివిడిగా పనిచేసే వార్డుల్లో తప్పులు తక్కువుంటాయనుకున్నారు. తీరా చూస్తే అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, చేసినవి దాచకపోవడం వల్ల అని తర్వాత అర్థమైంది. ఇది చదివినప్పుడు నాకు ఆ కుర్రాడి ముఖమే గుర్తొచ్చింది. అప్పటిదాకా మా రిజిస్టర్లో తప్పులు లేవని నేను గర్వపడేవాణ్ని!

మరి నోరు విప్పించడమెలా? బెజవాడ స్టేషన్లో రోజూ చూసే రైలింజన్లోనే దానికో పద్ధతుంది. సిగ్నల్ కనపడగానే సహాయ లోకో పైలట్ దాని రంగు పైకి చెబుతాడు, లోకో పైలట్ తిరిగి అదే పలుకుతాడు. ఇద్దరికీ కళ్లున్నాయి, ఇద్దరూ అటే చూస్తున్నారు. అయినా చెప్పుకోవాల్సిందే. చెప్పడం డ్యూటీ అయినప్పుడు, చిన్నవాడు పెద్దవాడికి చెప్పడమేంటన్న మొహమాటం ఉండదు.

మేమూ అదే మొదలుపెట్టాం. చీటీలో రకం, లాటు, రైతు పేరు మూడూ ఉండాలి. ఫోన్లో విన్నది తిరిగి చెప్పాలి. చాంబరు గుమ్మంలో మేస్త్రి చీటీ పైకి చదివాకే బస్తా కదలాలి. మొదట్లో అందరూ నవ్వారు. మేస్త్రి అయితే, "ఇదేం పురాణ పఠనం సార్" అన్నాడు.

ఒక నెల తర్వాత, లారీ నిండుతుండగా ఆ కుర్రాడు "ఆగండి" అని కేకేశాడు. అందరూ ఆగారు. బస్తా విప్పి చూశాం. సరైన సరుకే. వాడిదే పొరపాటు. పావుగంట పోయింది, డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు, కుర్రాడు తల దించుకుని నా వైపు చూడటం లేదు. నా నోటిదాకా ఒక మాట వచ్చింది. మింగేసి, అందరికీ టీ చెప్పమన్నాను.